మహమ్మారి రోజుల్లో సాయం: బియ్యం కొనడానికి ముందు చేయవలసిన పనులు

హన్మకొండలోని మీ యువజన సంఘం పూర్వ విద్యార్థుల దగ్గర 6 లక్షల రూపాయలు పోగుచేసిందనీ, కరోనా లాంటి కాలం మళ్లీ వస్తే పేదలకు పంచడానికి ఇప్పుడే బియ్యం కొని ఒక గదిలో నిల్వ చేసుకోవడం మంచిదా, డబ్బును బ్యాంకులోనే ఉంచడం మంచిదా అనీ, పంచే సరుకుల కిట్‌లో ఏముండాలి అనీ అడిగారు. నేను పౌరసరఫరాల గోదాముల్లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. రిటైరయిన మరుసటి ఏడే లాక్‌డౌన్ రావడంతో, వరంగల్, ములుగు, పెద్దపల్లి జిల్లాల్లో సరుకులు పంచిన కొందరు మిత్రులతో కలిసి తిరిగాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: బియ్యం కొనకండి. మన ప్రాంతంలో మహమ్మారి రోజుల్లో కరువయ్యేది బియ్యం కాదు. గోదాములో ఉన్న బస్తా పేదవాడి పొయ్యి దాకా చేరడానికి కావలసిన మనుషులు, వాహనం, ఖాళీ సంచి, అన్నింటికన్నా ముందు ఆ పేదవాడి పేరు ఉన్న కాగితం కరువవుతాయి. మీ డబ్బులో ఎక్కువ భాగం వాటికే ఖర్చు కావాలి.

నిల్వ సంగతి ముందే చెప్పి ముగిస్తాను. బియ్యం గదిలో పెట్టి తాళం వేస్తే ఒక వానకాలం గడిచేసరికి ముక్కపురుగు పడుతుంది. గోదాముల్లో బస్తాల కింద చెక్క దిమ్మెలు వేసి, గోడకు ఎడం వదిలి పేర్చి, వేళ తప్పకుండా మందు పెడుతూ కాపాడుతారు. ఆ పని మీ సంఘం గదిలో సాగదు.

ఇక 2020 వసంతంలో ఏం జరిగిందో చూడండి. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ అమలయింది. మన రాష్ట్రంలో ఆహారభద్రత కార్డు ఉన్నవారికి మామూలుగా నెలకు మనిషికి 6 కిలోలు వచ్చే బియ్యాన్ని ఏప్రిల్‌లో ఉచితంగా 12 కిలోలు చేశారు, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చారు. కార్డు లేని వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించారు. ఆ యాసంగిలో రాష్ట్రంలో ప్రభుత్వం కొన్న వడ్లు 60 లక్షల టన్నులు దాటాయి. అంటే బియ్యం ఉంది, వడ్లు ఉన్నాయి, ఉత్తర్వులూ ఉన్నాయి. అయినా మూడు జిల్లాల్లో మేము చూసిన ఆకలి నిజమైన ఆకలే. దాని కారణం అర్థం కావాలంటే బస్తా నడిచే దారి తెలియాలి.

మిల్లులో ఆడించిన బియ్యం పెద్ద గోదాముకు, అక్కడి నుంచి మండల స్థాయి గోదాముకు, అంటే మేము ఎంఎల్ఎస్ పాయింట్ అనే చోటికి వస్తుంది. అక్కడి నుంచి లారీలో రేషన్ దుకాణానికి పోతుంది. ఒక డీలరు దగ్గర 500 కార్డులు, కార్డుకు ముగ్గురు చొప్పున 1500 మంది ఉన్నారనుకోండి. నెలకు 9 టన్నులు, అంటే 50 కిలోల బస్తాలు 180. కోటా రెట్టింపు కాగానే అవే బస్తాలు 360 అవుతాయి. డీలరు గది మాత్రం రెట్టింపు కాదు, కాబట్టి లారీ రెండుసార్లు పోవాలి. ప్రతి బస్తానూ ఎవరో ఒకరు వీపున మోసి ఎక్కించాలి, దించాలి. అదే నెలలో ఊరూరా వడ్ల కొనుగోలు కేంద్రాలు తెరిచారు కనుక లారీలన్నీ అటు పోయాయి. మన మిల్లుల్లో హమాలీ పనిలో ఎక్కువ భాగం బీహార్ కూలీల చేతుల మీదుగా సాగుతుంది. హోళీకి ఊరికి పోయినవారు తిరిగి రాలేకపోయారు, ఇక్కడ ఉన్నవారు ఎప్పుడెప్పుడు పోదామా అని చూశారు. 2020 మే నెల మొదట్లో లింగంపల్లి నుంచి వలస కూలీలతో జార్ఖండ్‌కు తొలి శ్రామిక్ రైలు బయలుదేరిన వారానికే, బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల మందికి పైగా హమాలీలను మన మిల్లుల కోసం రైలులో ఎదురు తీసుకువచ్చారంటే భుజాల కొరత ఎంతటిదో ఊహించండి.

సంచి సంగతి బయటివారికి చిన్న విషయంగా కనబడుతుంది. గోనె సంచులు ఎక్కువగా బెంగాల్ జనపనార మిల్లుల నుంచి వస్తాయి. ఆ మిల్లులు మూతపడితే ఇక్కడ వడ్లు కల్లాల్లోనే ఆగిపోయాయి. రేషన్ దుకాణాల్లో ఖాళీ అయిన ప్రతి సంచినీ వెనక్కి తెప్పించి మళ్లీ వడ్లకు వాడవలసి వచ్చింది. ఆ రోజుల్లో ఒక ఖాళీ సంచి కోసం నేను నాలుగు ఊళ్లకు ఫోన్ చేశాను. కాబట్టి మీరు కొని దాచుకోదగిన వస్తువు ఏదైనా ఉంటే అది 10 కిలోలు పట్టే గట్టి సంచి. ఎందుకో కింద చెబుతాను.

మేము ఏటూరునాగారం దాటి లోపల అడవిలో ఉన్న ఒక గొత్తికోయ ఆదివాసీల గూడేనికి ఏప్రిల్ రెండో వారంలో సరుకులు తీసుకుపోయాము. ముప్పై నాలుగు కుటుంబాలు. ట్రాక్టరు వాగు దాకా వచ్చి ఆగిపోయింది. వాగులో నీళ్లు లేవు గానీ ఇసుకలో చక్రం దిగబడుతుందని డ్రైవరు ముందుకు పోనన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. అక్కడి నుంచి గూడెం మూడు కిలోమీటర్ల కాలిబాట. మా దగ్గర ఉన్నవి 50 కిలోల బస్తాలు. మగవాళ్లు కొందరు ఆ ఉదయమే దూరపు చేలకు మిర్చి ఏరడానికి పోయారు, వచ్చినవారిలో ఆడవాళ్లే ఎక్కువ. ఒక బస్తాను ఇద్దరు కట్టెకు వేలాడదీసి మోయబోతే నూరు గజాలు పోకముందే కుట్టు విడిపోయి బియ్యం ఇసుకలో పడింది. ఒక పెద్దావిడ మాట్లాడకుండా కూర్చుని, ఇసుకతో కలిసిన బియ్యాన్ని కొంగులోకి ఎత్తి చెరగడం మొదలుపెట్టింది. ఆమె పక్కనే ఇద్దరు పిల్లలు ఒక్కొక్క గింజ ఏరారు. చివరికి మా చేతి సంచులు, వాళ్ల గంపలు, చీర కొంగులు అన్నీ కలిపి పది పది కిలోలుగా చేసి మోసేసరికి పొద్దు వాలింది. పంపకానికి గంట పట్టాల్సిన చోట రోజు పట్టింది. ఆ తరువాత మేము ఏ అడవి ఊరికి పోయినా ముందురోజే హన్మకొండలో కూర్చుని 10 కిలోల సంచుల్లోకి మార్చి కుట్టించాము. తలమీద పెట్టుకుని ఒక మనిషి మూడు కిలోమీటర్లు ఆగకుండా మోయగలిగే బరువు అదే.

ఏజెన్సీ ప్రాంతంలో గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపోల ద్వారా రేషన్ అందుతుంది. వాగులు పొంగే నెలలకు సరిపడా సరుకును వానలకు ముందే చేర్చడం పౌరసరఫరాల వారికి పాత అలవాటే. కానీ డిపో ఉన్న ఊరికీ, కార్డు కూడా లేని గూడేనికీ మధ్య ఉన్న ఆ మూడు కిలోమీటర్లకు ఎవరి లెక్కలోనూ రవాణా ఖర్చు రాయలేదు. ములుగు ఎమ్మెల్యే సీతక్క ఆ నెలల్లో కాలినడకన గూడేలకు సరుకులు చేరవేసిన సంగతి మీరు టీవీల్లో చూసే ఉంటారు. ఆ దారుల్లో నడిచినవారికి తప్ప అందులోని శ్రమ తెలియదు. మీ సంఘం ఖర్చుపెట్టవలసింది సరిగ్గా అక్కడే: ట్రాక్టరు బాడుగకు, ఆ ఊరివాళ్లకే ఇచ్చే మోత కూలికి. మోసినందుకు కూలి ఇవ్వడం సాయాన్ని తగ్గించదు. పని లేని నెలలో అదే వారికి వచ్చే నగదు. తునికాకు ఏరే ఏప్రిల్, మే నెలలు ఆ గూడేలకు ఏడాదిలో డబ్బు కనబడే కాలమని గుర్తుంచుకోండి. ఆ పని చెడితే వాళ్లు వానకాలమంతా అప్పులోనే ఉంటారు.

ఇప్పుడు పేర్ల సంగతి. మేము చేసిన పెద్ద తప్పు ఇక్కడే ఉంది. మొదటి పది రోజులు మేము రేషన్ జాబితా పట్టుకుని తిరిగాము, అంటే ఎంతో కొంత అందుతున్నవారికే మరికొంత ఇచ్చాము. ఏ జాబితాలోనూ లేనివారు ఎక్కడెక్కడ ఉన్నారో ఆలోచించడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. పెద్దపల్లి జిల్లా ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో ఉత్తరాది కూలీలు, గోదావరి వెంట మిర్చి కోతలకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ ఆదివాసీలు, ఊరూరా తిరిగే సంచార జాతులవారు, ఒంటరిగా అద్దె గదుల్లో ఉండే వృద్ధులు. రేషన్ కార్డు పోర్టబిలిటీని, అంటే ఒక రాష్ట్రం కార్డుతో మరో రాష్ట్రంలో సరుకు తీసుకునే వీలును, 2019 ఆగస్టులోనే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య మొదలుపెట్టారు గానీ ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కార్డులు అప్పటికి ఇక్కడ పనిచేయలేదు. ములుగు జిల్లాలో మిర్చి ఏరడానికి వచ్చిన ఒక పన్నెండేళ్ల బాలిక ఆ ఏప్రిల్‌లో బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి తోటి కూలీలతో అడవి దారిన మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకా కొంత దూరం ఉండగానే చనిపోయింది. మా ట్రాక్టరు ఆ వారమే ఆ చుట్టుపక్కల మండలాల్లో తిరిగింది. ఆ కూలీల బృందం ఏ చేను పక్కన ఉండేదో రాసిన కాగితం ఒక్కటి మా చేతిలో ఉంటే అనే ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు.

అందుకే చెబుతున్నాను, పేర్ల పుస్తకం ఇప్పుడే, ఏ విపత్తూ లేని రోజుల్లోనే మొదలుపెట్టండి. ప్రభుత్వ జాబితాను తిరిగి రాయకండి. దానిలో లేనివారినే రాయండి. ఇటుక బట్టీలకు కూలీలు చలికాలానికి ముందే వచ్చి ఎండాకాలం చివర వెళ్లిపోతారు. మిర్చి కోతలకు వచ్చేవారు సంక్రాంతి తరువాత కనబడతారు. కాబట్టి జనవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి తిరిగితే చాలు. ప్రతి బట్టీకి మనుషులు ఎందరు, వారిలో పిల్లలు ఎందరు, గర్భిణులు ఉన్నారా, వారిని తెచ్చిన సర్దార్ ఫోన్ నంబరు, కూలీలలో చదువు వచ్చిన ఒకరి నంబరు, దగ్గర్లోని కిరాణా దుకాణం, లారీ ఎక్కడిదాకా పోతుందో ఆ చోటు, ఇవి రాసుకోండి. సర్దార్ నంబరు ఒక్కటే చాలదు. ఒక బట్టీ దగ్గర సర్దార్ ముప్పై కుటుంబాలు ఉన్నాయని చెప్పి కిట్లు తీసుకున్నాడు. రెండు రోజుల తరువాత మేము పోతే గుడిసెలు పంతొమ్మిదే ఉన్నాయి, మిగతా కిట్లు ఏమయ్యాయో ఎవరూ చెప్పలేదు. నగరంలో అయితే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) రిసోర్స్ పర్సన్లు, పల్లెల్లో మహిళా సంఘాల గ్రామ సమాఖ్య (వీఓ) లీడర్లు, ఆశా కార్యకర్తలు ఈ పనిలో మీకు కుడిభుజం. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో వారికి తెలిసినంతగా ఏ కంప్యూటరుకూ తెలియదు. ఈ పుస్తకంలో పేదల ఫోన్ నంబర్లు, ఆరోగ్య వివరాలు ఉంటాయి కనుక దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకుండా ఇద్దరి దగ్గరే ఉంచండి.

కిట్‌లో ఏముండాలి అన్నది మీ మరో ప్రశ్న. నెలకు 12 కిలోల బియ్యమంటే రోజుకు 400 గ్రాములు, సుమారు 1400 కేలరీలు. విపత్తు సాయానికి ప్రపంచమంతా వాడే స్ఫియర్ ప్రమాణాలు మనిషికి రోజుకు 2100 కేలరీలు ఉండాలంటాయి. మిగిలిన 700 కేలరీలు, మాంసకృత్తులు, కొవ్వు ఎక్కడి నుంచి రావాలి? కేంద్రం కుటుంబానికి నెలకు కిలో పప్పు ఇచ్చింది. నలుగురు ఉన్న ఇంట్లో మనిషికి రోజుకు 8 గ్రాములు వస్తుంది. కాబట్టి బియ్యం అందుతున్న చోట మీ కిట్‌లో బియ్యం అసలు పెట్టకండి. కందిపప్పు 3 కిలోలు, నూనె 2 లీటర్లు, పల్లీలు, ఉప్పు, కారం, పసుపు, చింతపండు, బెల్లం, సబ్బులు, ఆడవారికి నెలసరి ప్యాడ్లు పెట్టండి. నూనె మీద చేయి బిగించకండి, తక్కువ బరువులో ఎక్కువ శక్తినిచ్చేది అదే, మోతకూ సులువు. ఒడిశా వారు ఉప్పుడు బియ్యం తింటారు, బీహార్ వారికి గోధుమపిండి, ఆలుగడ్డలు, ఆవనూనె కావాలి. ఇది విలాసం కాదు, అలవాటు లేని తిండి పెడితే పిల్లలు సగం వదిలేస్తారు. ఆరు నెలలు దాటిన పిల్లలున్న ఇంటికి అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం పిండి, గుడ్లు అందుతున్నాయో లేదో విడిగా అడగండి.

ఒక జాగ్రత్త. మేము మొదటి విడతలో ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు కూడా బియ్యంతో పాటు ఒకే ప్లాస్టిక్ సంచిలో కట్టాము. ఏప్రిల్ ఎండలో డీసీఎం (చిన్న లారీ)లో రెండు రోజులు ఉండేసరికి అవి చెమర్చి, బియ్యం ముక్క వాసన పట్టింది. అరవై కిట్లు విప్పి మళ్లీ కట్టాము. గడ్డలను ఎప్పుడూ వలసంచిలో విడిగా ఇవ్వండి.

కిరాణా దుకాణం ఉన్న ఊరికి లారీ పంపడం కన్నా మంచి దారి ఉంది. కరీమాబాద్ నుంచి కాజీపేట దాకా ప్రతి బస్తీలో చిట్టీ మీద సరుకు ఇచ్చే దుకాణదారుడు ఉంటాడు. మీరు కుటుంబానికి ఇంత అని చిట్టీ రాసిచ్చి, అతనికి వారానికోసారి డబ్బు కట్టండి. రవాణా లేదు, గుంపు లేదు, ఇంటివారు తమకు కావలసింది తీసుకుంటారు. 2021 మే 12 నుంచి పెట్టిన లాక్‌డౌన్‌లో మొదట ఉదయం 6 నుంచి 10 దాకానే దుకాణాలు తెరిచేవారు. ఆ నాలుగు గంటల్లో లోడింగ్ చేసి, పంచి, తిరిగి రావడం ఎవరి వల్లా కాలేదు, చిట్టీలు మాత్రం నడిచాయి. అయితే దుకాణదారుడు మీ డబ్బును ఆ ఇంటి పాత బాకీలో జమ కట్టుకోకుండా చూడాలి. చిట్టీ మీద "ఈ నెల సరుకుకు మాత్రమే" అని రాయించి, ప్రతి వారం పది ఇళ్లకు ఫోన్ చేసి అడిగితే ఈ బెడద పోతుంది. నగదు నేరుగా ఖాతాలో వేయడం కూడా మంచిదే గానీ, 2020 ఏప్రిల్‌లో జన్‌ధన్ ఖాతాల్లో 500 రూపాయలు పడినప్పుడు ఖాతా చివరి అంకెను బట్టి రోజులు కేటాయించినా బ్యాంకుల ముందు ఆడవాళ్లు ఎండలో బారులు తీరారు. పొందేవారికి బ్యాంకు ఎంత దూరమో చూసి తేల్చుకోండి.

అంటువ్యాధి కాలంలో పంచేవారి ఆరోగ్యం గురించి. మొదట్లో మేము బస్తాల మీద బ్లీచింగ్ ద్రావణం చల్లి గంటలు గంటలు వృథా చేశాము, కొంత బియ్యం పాడుచేశాము. ఆ జబ్బు ప్రధానంగా గాలి ద్వారా, దగ్గరగా ఉన్న మనుషుల మధ్య వ్యాపిస్తుందని తరువాత స్పష్టమయింది. ప్రమాదం బస్తాలో లేదు. వాహనం క్యాబిన్‌లో కిక్కిరిసి కూర్చున్న ఐదుగురిలో ఉంది, మూసిన గోదాములో కలిసి తినే అన్నంలో ఉంది, పంపిణీ దగ్గర తోసుకునే గుంపులో ఉంది. కాబట్టి క్యాబిన్‌లో ఇద్దరికి మించి ఎక్కించకండి. ఎప్పుడూ అదే నలుగురి జట్టుగా పనిచేయండి, జట్లను కలపకండి, అప్పుడు ఒకరికి జ్వరం వస్తే ఒక జట్టే ఆగుతుంది. చౌరస్తాలో నిలబడి పంచడం పూర్తిగా మానండి. ఇంటి గడప ముందు పెట్టి, రెండు అడుగులు వెనక్కి వచ్చి పిలవండి. హమాలీలకు మాస్కులే కాక రోజు కూలీకి తోడు ప్రమాద బీమా, జ్వరం వస్తే పదిహేను రోజుల కూలి ముందే ఒప్పుకోండి. అది లేకపోతే జ్వరం ఉన్నవాడు కూడా దాచుకుని పనికి వస్తాడు. అందులో అతని తప్పు లేదు. కంటైన్‌మెంట్ ప్రాంతాలకు సరుకు బారికేడ్ దగ్గరే అప్పగించాలి, లోపలివారిలో ఇద్దరిని ముందే ఎంచుకుని ఉంచండి.

ఒక దాత లారీ నిండా బిస్కెట్లు, నీళ్ల సీసాలు పంపి, ప్రతి ఇంటి దగ్గర ఫొటో తీసి పంపాలని పట్టుబట్టారు. ఆ లారీ దించడానికి మా హమాలీలకు అర రోజు పట్టింది, ఆ అర రోజు పప్పు కిట్లు కదలలేదు. ఫొటో కోసం సంచి పట్టుకుని నిలబడమంటే ఒక నేత కార్మికుడు సంచి కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసి బతికిన మనిషి. దాతలకు లెక్క చూపడం మీ బాధ్యత. దానికి బిల్లులు, సంతకాలు, ఫోన్ ద్వారా విచారణ చాలు. అక్కరలేని సరుకు వద్దని చెప్పే ధైర్యం కూడా ఇప్పుడే రాతపూర్వకంగా తీర్మానం చేసుకోండి, ఆపదలో ఆ మాట నోటికి రాదు.

మందుల గురించి ఒక్క మాట. టీబీ మందు కనీసం ఆరు నెలలు మానకుండా వాడాలి, బీపీ, షుగరు మాత్రలు ఆగకూడదు, డయాలిసిస్ రోగికి వారానికి రెండు మూడుసార్లు వాహనం కావాలి. 2021లో అందరి దృష్టీ ఆక్సిజన్ మీదే ఉండి ఈ రోగులు మరుగున పడ్డారు. ఎవరైనా మీకు ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లు ఇస్తామంటే, కరెంటు పోయే గూడెంలో అవి పనికిరావని చెప్పి, ఆ డబ్బుతో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకా రోగిని చేర్చే వాహనం మాట్లాడి ఉంచండి.

ఇంకొకటి, మహమ్మారి ఒంటరిగా వస్తుందని అనుకోకండి. 2020 ఆగస్టు నడిమి వానలకు వరంగల్ లోతట్టు కాలనీలు మునిగి, ఇళ్లు వదిలిన జనాన్ని ఫంక్షన్ హాళ్లలో ఉంచవలసి వచ్చింది. దూరం పాటించమని చెబుతూనే ఒకే హాలులో వందల మందిని పడుకోబెట్టాము. నాలుగు చిన్న బడులు ముందే మాట్లాడుకుని ఉంటే ఆ పని తప్పేది.

మీ 6 లక్షలకు వస్తాను. నేనైతే 50 వేలు పేర్ల పుస్తకం కోసం తిరిగే ఖర్చుకు, 10 కిలోల సంచులకు, తూకం యంత్రానికి, కుట్టు మిషనుకు ఇప్పుడే వాడుతాను. లక్షన్నర వాహనాలకు, హమాలీలకు, మోత కూలికి కేటాయిస్తాను. మిగిలిన 4 లక్షలు బ్యాంకులో ఉంచి, ఇద్దరి సంతకాలతో ఒకే రోజులో తీసుకునేలా ఏర్పాటు చేస్తాను. వాటిని అప్పటి కిట్ ధరతో భాగిస్తే ఎన్ని కుటుంబాలకు ఒక నెలకు సరిపోతాయో తేలుతుంది. అదే డబ్బుతో బియ్యం కొంటే చాలామందికి ఉన్నదే మళ్లీ ఇచ్చినట్టవుతుంది. ఒక డీసీఎం యజమానితో, ఒక ట్రాక్టరు యజమానితో, ఇద్దరు టోకు వ్యాపారులతో ధర సూత్రం ముందే మాట్లాడుకోండి. మొదటి వారంలో పప్పు, నూనె ధరలు ఎలా ఎగిరిపడ్డాయో ఆ రోజుల్లో కొన్నవారికి గుర్తుంది.

ఈ జనవరిలో మీరు బట్టీలకు బయలుదేరేటట్లయితే పెద్దపల్లి వైపు నాకు తెలిసిన దారులు ఉన్నాయి, రెండు ఆదివారాలు మీతో వస్తాను. ఒడియా మాట్లాడేవారిని ఒకరిని వెంట తీసుకురండి. మొదటి రోజు ఏమీ పంచకుండా, గుడిసెలు లెక్కపెట్టి, పిల్లల వయసులు రాసుకుని తిరిగివద్దాము.